ఆదివారం నాలుగో ఆట

అమెరికాలో పిల్లల దగ్గర నాలుగు నెలలుండి వచ్చిన పెద్దవాళ్లను కదిపితే చాలామంది ఈ ముచ్చట చెబుతారు. పొద్దున్నే నడకకని పార్కుకు వెళితే, కంచె అవతల తమ ఈడువాళ్లే, తమకన్నా పెద్దవాళ్లు కూడా, నెత్తిన టోపీ, చేతికి తోలు గ్లవ్ పెట్టుకుని ఆడుతుంటారు. డెబ్బై దాటిన మనిషి బంతిని బాది, బ్యాటు పక్కన పడేసి బేస్ వైపు పరుగు తీస్తాడు. చూసినవాళ్లకు ముందు ఆశ్చర్యం, తర్వాత కాస్త అసూయ.

అది సీనియర్ సాఫ్ట్‌బాల్. మన దగ్గర సాఫ్ట్‌బాల్ అంటే బడిపిల్లల క్రీడాపోటీలే గుర్తొస్తాయి. అమెరికాలో మాత్రం అది తాతల ఆట కూడా. ఈ ఆట 1887లో చికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్బులో పుట్టింది. జార్జ్ హాన్‌కాక్ అనే ఆయన బాక్సింగ్ గ్లవ్‌ను తాడుతో చుట్టి బంతి చేశాడు, చీపురు కర్రను బ్యాటు చేశాడు. పెద్దవాళ్లు ఆడే రకంలో బంతిని చేయి కిందినుంచి, గాలిలో విల్లులా వంగేటట్టు మెల్లగా విసురుతారు. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో డెబ్బై ఐదేళ్లవాళ్ల కోసం 1930లోనే ఒక క్లబ్బు పెట్టుకున్నారు. యూటా రాష్ట్రంలోని సెయింట్ జార్జ్ పట్టణంలో 1987 నుంచి ఏటా అక్టోబరులో యాభై దాటినవాళ్ల హంట్స్‌మన్ క్రీడలు జరుగుతున్నాయి. సీనియర్ సాఫ్ట్‌బాల్ యూఎస్ఏ సంస్థ 1988లో మొదలైంది. 50, 55, 60 అంటూ ఐదేళ్లకొక మెట్టు చొప్పున ఎనభై పైదాకా వర్గాలున్నాయి.

ఆడేవాళ్ల ఉత్సాహం సంగతి ఎలా ఉన్నా, నన్ను పట్టుకుని వదలనిది ఆ పోటీల సమయపట్టిక.

ఒక చిక్కు చూడండి. ఎనిమిది జట్లు, మూడు రోజుల పోటీ. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆఖరి ఆట. బరిలో ఉన్న రెండు జట్లూ అప్పటికి ఒక్కొక్క ఆటే ఓడాయి. కాగితం మీద ఇద్దరూ సమానం. కానీ ఒక జట్టుకు ఆ రోజు అది మూడో ఆట, మొత్తం మీద ఏడోది. మధ్యలో తొమ్మిదిన్నర ఆట వేళ వాళ్లు చెట్టుకింద కూర్చుని నీళ్లు తాగారు. రెండో జట్టు పొద్దున ఎనిమిదికి మైదానంలో దిగి ఎనిమిది, తొమ్మిదిన్నర, పదకొండు, పన్నెండున్నర అంటూ వరసగా నాలుగో ఆట ఆడుతోంది. మొత్తం మీద తొమ్మిదోది. వయసేమో అరవై ఎనిమిది, డెబ్బై.

ఎవరూ మోసం చేయలేదు, నియమాలన్నీ పాటించారు. అయినా ఇది న్యాయమైన ఫైనలేనా?

ఒక్క ఓటమికే ఇంటికా?

పోటీ నడపడానికి అందరికీ తెలిసిన దారి నాకౌట్. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకు. ఒక్కో ఆట ఒక్కో జట్టును బయటికి పంపుతుంది కనుక ఎనిమిది జట్లకు ఏడు ఆటలు చాలు. నిర్వాహకుడికి సుఖం. కానీ ఒహాయో నుంచో టెక్సాస్ నుంచో విమానం ఎక్కి, హోటల్ గది తీసుకుని వచ్చిన జట్లలో సగం మొదటి గంటలోనే సంచులు సర్దుకోవాలి. అందుకే సీనియర్ల పోటీ ప్రకటనల్లో బహుమతి కన్నా ముందు "కనీసం ఇన్ని ఆటలు" అన్న హామీ కనబడుతుంది.

నాకౌట్‌లో ఇంకో లోపం ఉంది. దాన్ని లెక్కగట్టి చూపినవాడు మనకు వేరే కారణంగా తెలిసిన మనిషి. ఆలిస్ కథలు రాసిన లూయిస్ కారల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చెప్పేవాడు. టెన్నిస్ పోటీల్లో రెండో బహుమతి తప్పు మనిషికి పోతోందని 1883లో ఒక చిన్న పుస్తకమే వేశాడు. ముప్ఫై రెండు మంది పోటీలో ఉన్నారనుకోండి. అందరికన్నా మొనగాడు డ్రాలో ఏదో ఒక సగంలో ఉంటాడు. రెండో మొనగాడికి మిగిలిన చోట్లు ముప్ఫై ఒకటి. వాటిలో పదహారు అవతలి సగంలో, పదిహేను ఇవతలి సగంలో. ఇవతల పడ్డాడా, ఫైనల్ కన్నా ముందే మొనగాడి చేతిలో ఓడి వెళ్లిపోతాడు. అంటే రెండో స్థానం రెండోవాడికి దక్కే అవకాశం 31కి 16. దాదాపు బొమ్మా బొరుసే.

దీనికి పూర్తి విరుగుడు లీగ్. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడుతుంది, అదృష్టం పాత్ర తగ్గుతుంది. కానీ ఎనిమిది జట్లకు ఇరవై ఎనిమిది ఆటలు కావాలి, జట్టుకు ఏడు. పోటీలో వెనకబడిన జట్లు కూడా గెలిచే ఆశ లేకుండానే ఆ ఏడూ ఆడాలి.

బాక్స్: బంతి భోజనం పద్ధతి

ఆరు జట్లు ఒకదానితో ఒకటి ఒక్కొక్కసారే ఆడాలి, రౌండుకు మూడు ఆటలు. ఎవరూ మిగలకూడదు, ఏ జోడీ రెండోసారి రాకూడదు. ఎలా?

పెళ్లి భోజనాల బంతిని తలచుకోండి. ఆరుగురు ఎదురెదురుగా ముగ్గురేసి కూర్చున్నారు. పై వరసలో 1, 2, 3. వాళ్లకు ఎదురుగా కింది వరసలో 6, 5, 4. ఎవరి ఎదురు ఎవరుంటే వాళ్లతో ఆట: 1–6, 2–5, 3–4. ఆ రౌండు అయ్యాక ఒకటో నంబరువాడు కదలడు. మిగిలిన ఐదుగురూ ఒకే దిక్కుగా ఒక్కో విస్తరి జరుగుతారు. 2 వెళ్లి 3 చోట, 3 ఎదుటి వరసలో 4 చోట, 4 వెళ్లి 5 చోట, 5 వెళ్లి 6 చోట కూర్చుంటే 6 పైకి వచ్చి 2 చోట చేరతాడు. ఇప్పుడు 1–5, 6–4, 2–3. ఇలా ఐదు రౌండ్లు ఆడితే పదిహేను ఆటలూ పూర్తి.

జట్లు ఐదే అయితే ఒక విస్తరి ఖాళీగా ఉంచండి. ఆ విస్తరికి ఎదురుగా వచ్చినవాడికి ఆ రౌండు విశ్రాంతి. ఒక్కొక్కరికీ సరిగ్గా ఒక్కసారి వస్తుంది.

రెండో అవకాశానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు?

నాకౌట్ మరీ కఠినం, లీగ్ మరీ పొడుగు. ఈ రెంటి నడుమ సీనియర్ సాఫ్ట్‌బాల్‌లో బాగా స్థిరపడ్డ పద్ధతి డబుల్ ఎలిమినేషన్. ఒక్కసారి ఓడితే పోటీ నుంచి పోరు, రెండో వరసలోకి దిగుతారు. అక్కడ మళ్లీ ఓడితేనే ఇంటికి. రెండో వరసలో ఆఖరిదాకా గెలిచిన జట్టు, మొదటి వరసలో ఒక్కసారీ ఓడని జట్టుతో ఫైనల్ ఆడుతుంది. అందులో ఓడని జట్టు ఓడితే ఇద్దరికీ చెరో ఓటమి అయింది కనుక ఇంకో ఆట. మన ఆదివారం పన్నెండున్నర ఆట అదే.

దీనివల్ల మంచి జట్టుకు నిజంగా మేలు జరుగుతుందా? చిన్న లెక్క వేద్దాం. ఒక జట్టు అందరికన్నా బలంగా ఉంది, ఎవరితో ఆడినా పదింటిలో ఏడుసార్లు గెలుస్తుంది అనుకుందాం. ఎనిమిది జట్ల నాకౌట్‌లో అది వరసగా మూడు గెలవాలి. అలా కప్పు దక్కేది వంద పోటీల్లో 34 సార్లే. అదే జట్టును డబుల్ ఎలిమినేషన్‌లో పెడితే 43 సార్లు గెలుస్తుంది. ఒక పూట బాగోలేకపోయినంత మాత్రాన అంతా పోదు కనుక లాభం ఉన్నమాట నిజం.

కానీ ఆ లాభం ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. ఓడకుండా వెళ్లిన జట్టుకు కప్పు నాలుగు ఆటల దూరం, మహా అయితే ఐదు. మొదటి ఆటే ఓడిన జట్టుకు ఏడు ఆటల దూరం. అంటే ఓడిన ఆటతో పాటు వరసగా ఆరు గెలుపులు. పోటీ మొదట్లో బలాబలాలు చూసుకోవడానికి శుక్రవారం ఆడించే రెండు ఆటలు కలిపితే తొమ్మిది. పదింటిలో ఏడు గెలిచే జట్టుకు కూడా ఆ ఆరూ దాటడం వందకు 12 సార్లే సాధ్యం. ఇక అలసటవల్ల చివరి మూడు ఆటల్లో దాని బలం పదికి ఏడు నుంచి పదికి ఆరుకు దిగిందనుకోండి. అప్పుడు 12 కాస్తా 7 అవుతుంది. రెండో అవకాశం ఉందని నియమపుస్తకం చెబుతున్నా, మోకాలు అందులో మూడో వంతుకు పైగా లాగేసుకుంది.

ఇరవై ఏళ్లవాళ్ల పోటీలో ఈ కోత చిన్నది. అరవై ఐదేళ్లవాళ్ల పోటీలో ఇదే అసలు సంగతి. పోటీ న్యాయంగా ఉందా లేదా అని చూసేటప్పుడు ఎవరు ఎన్నిసార్లు ఓడారని మాత్రమే లెక్కపెడుతున్నాం. ఎవరికి ఎంత విశ్రాంతి దొరికిందో కూడా లెక్కపెట్టాలన్నది నా వాదన. విశ్రాంతి కూడా పరుగుల్లాగే స్కోరుబోర్డు మీద ఉండాల్సిన సంఖ్య.

కండరానికి తన గడియారం ఉంది

వయసు పైబడితే అలసట ఎక్కువ అని అందరికీ తెలుసు. ఎందుకు, ఎప్పుడు అన్నది తెలిస్తేనే సమయపట్టిక వేయగలం.

సాఫ్ట్‌బాల్‌లో ఎక్కువసేపు నిలబడటమే. మధ్యలో ఉన్నట్టుండి ఒక్క పరుగు. అలాంటి పరుగుకు కావలసినవి కండరంలోని వేగపు తంతువులు. వయసుతో ముందుగా సన్నబడేవి అవే. ఎముకకూ కండరానికీ నడుమ తాళ్లలా ఉండే స్నాయువులూ మునుపటంత ఒత్తిడిని తట్టుకోలేవు. అందుకే బేస్ వైపు మొదటి నాలుగు అడుగుల్లో తొడ వెనక కండరమో పిక్కో పట్టేసి మనిషి కుంటుతూ ఆగిపోవడం ఈ ఆటలో మామూలు దృశ్యం. తన బదులు పరుగెత్తడానికి సాటి ఆటగాడిని పెట్టుకునే వీలు నియమాల్లోనే ఉంది. హోం ప్లేట్ దగ్గర పరుగెత్తేవాడూ క్యాచరూ ఢీకొనకుండా పక్కనే రెండో ప్లేటు పెట్టడం కూడా పెద్దవాళ్ల కోసం వచ్చిన మార్పే. ఆట నియమాలను వయసుకు తగ్గట్టు మార్చుకున్నవాళ్లు సమయపట్టికను మాత్రం కుర్రవాళ్ల పోటీ నుంచి తెచ్చి అలాగే ఉంచేశారు.

అలవాటు లేని శ్రమ చేసినప్పుడు కండరంలో కలిగే నొప్పి వెంటనే తెలియదు. మరుసటి రోజు మొదలై ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. పొలంలో చాన్నాళ్లకు పార పట్టినవాడికి ఇది బాగా తెలుసు. ఆ రోజు బాగానే ఉంటాడు, ఎల్లుండి మంచం దిగలేడు. అంటే శుక్రవారం సరదాగా ఆడించిన ఆ రెండు ఆటల అప్పు సరిగ్గా ఆదివారం వసూలవుతుంది.

ఎండ సంగతి వేరే. పెద్దవయసులో చెమట ఆలస్యంగా, తక్కువగా పడుతుంది. వేడిని బయటికి పంపడానికి చర్మం వైపు మళ్లే రక్తమూ తక్కువే. దాహం వేయడం కూడా మందగిస్తుంది, ఒంట్లో నీరు తగ్గినా నోరు అడగదు. పైగా రక్తపోటుకు వేసుకునే మాత్రల్లో కొన్ని నీటిని బయటికి పంపేవి, కొన్ని గుండె వేగాన్ని అదుపులో పెట్టేవి. కనుక డెబ్బై ఐదేళ్ల వర్గానికి పొద్దుటి ఆటలు, యాభై ఏళ్ల వర్గానికి మధ్యాహ్నపు ఆటలు ఇవ్వడంలో పక్షపాతమేమీ లేదు. పెద్దవాళ్లు ఎలాగూ తెల్లవారకముందే లేస్తారు. వయసుతో నిద్ర గడియారం ముందుకు జరగడం శరీర ధర్మం. ఎనిమిదింటి ఆట వాళ్లకు శిక్ష కాదు, రాత్రి తొమ్మిదింటి ఆట శిక్ష.

అయితే విశ్రాంతి ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా అనుకోకూడదు. ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య మూడు నాలుగు గంటలు ఖాళీ వస్తే వేడెక్కిన కండరాలు చల్లబడి బిగుసుకుంటాయి. మళ్లీ మొదటినుంచి ఒళ్లు కాచుకోవాలి. వెంటవెంటనే రెండు ఆటలు పెట్టినా ఇబ్బందే, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి పెట్టినా ఇబ్బందే. నా ఉద్దేశంలో మధ్యలో ఒకటి లేదా రెండు ఆటలంత ఖాళీ ఉండటం మేలు.

ఒకే మైదానం ఉంటే

ఆ ఖాళీ ఇవ్వాలని నిర్వాహకుడికీ ఉంటుంది. ఇవ్వగలడా అన్నది మాత్రం అతడి మంచితనం మీద కాదు, అంకెల మీద ఆధారపడుతుంది.

నాలుగు జట్లు, ఒక మైదానం. అ, ఆ, ఇ, ఈ అనుకుందాం. మొదట అ–ఆ ఆడాయి. అవి విశ్రాంతి తీసుకోవాలంటే తర్వాత ఆడగలిగేది ఇ–ఈ మాత్రమే. ఆ తర్వాత? మిగిలిన నాలుగు ఆటల్లో దేన్ని తీసుకున్నా ఇ గానీ ఈ గానీ అందులో ఉంటుంది. ఎవరో ఒకరు వెంటవెంటనే ఆడక తప్పదు. ఎంత తెలివైన మనిషి కూర్చుని పట్టిక వేసినా సరే. ఆటల మధ్య ఖాళీ వేళలు వదలాలి, లేదా ఇంకో నాలుగు జట్ల బృందంతో మైదానాన్ని పంచుకుని ఆట మార్చి ఆట ఆడించాలి.

ఐదో జట్టు చేరిందంటే కథ మారిపోతుంది. ఆటలు పదికి పెరిగినా, ఏ జట్టూ వరసగా రెండు ఆడకుండా పదీ పూర్తిచేసే క్రమం దొరుకుతుంది. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నేను కాగితం తీసుకుని జట్టు జట్టుకూ గీతలు గీసి సరిచూసుకున్నాను. మీరూ చూడండి.

బాక్స్: చుక్కలో దాగిన సమయపట్టిక

ఒకే మైదానంలో ఐదు జట్ల క్రమం ఇది: 1–2, 3–4, 1–5, 2–3, 4–5, 1–3, 2–5, 1–4, 3–5, 2–4. పక్కపక్కనున్న ఏ రెండు ఆటల్లోనూ ఒకే జట్టు కనబడదు.

దీని వెనక ఒక ముగ్గులాంటి బొమ్మ ఉంది. పది ఆటలకు పది చుక్కలు పెట్టండి. ఉమ్మడి జట్టు లేని ఆటల్ని గీతతో కలపండి. ప్రతి చుక్కకూ మూడేసి గీతలు వస్తాయి. సరిగ్గా అమరిస్తే బయట ఐదు మూలల చట్రం, లోపల ఐదు కొమ్ముల నక్షత్రం. డెన్మార్క్ గణితజ్ఞుడు జూలియస్ పీటర్సన్ 1898లో తన వ్యాసంలో దీన్ని వాడాడు కనుక ఈ బొమ్మకు ఆయన పేరే నిలిచింది. చేయి ఎత్తకుండా, ఏ చుక్కనూ రెండోసారి తాకకుండా గీతల వెంట పది చుక్కలూ తిరిగి రావచ్చు. ఆ దారే మన సమయపట్టిక. కానీ బయల్దేరిన చుక్కకే తిరిగి చేరి ముగ్గు మూసేయడం మాత్రం ఈ బొమ్మలో అసాధ్యమని రుజువైంది. మైదానం భాషలో చెప్పాలంటే, ఇదే క్రమాన్ని ఆగకుండా రెండోసారి మొదలుపెడితే కలిసేచోట ఎవరో ఒకరికి వెంటవెంటనే ఆట పడుతుంది.

ఇంత అందమైన క్రమంలో కూడా ఒక అసమానత మిగిలే ఉంది. రెండో నంబరు జట్టుకు ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య ప్రతిసారీ రెండు ఆటల ఖాళీ వచ్చింది. ఐదో నంబరు జట్టుకు ప్రతిసారీ ఒక్క ఆటే. ఆట గంటంపావు అనుకుంటే ఒకరికి రెండున్నర గంటలు, ఇంకొకరికి గంటంపావు. దాన్ని దాచకుండా చెప్పి, కెప్టెన్లందరి ఎదుటా చీటీలు తీసి నంబర్లు పంచడమే దారి. ఎవరికి ఏ నంబరు ఎందుకొచ్చిందో అందరికీ తెలిస్తే గొణుగుడు ఉండదు.

మూడు జట్లు సమానమైతే

చిన్న లీగుల్లో తరచుగా ఎదురయ్యేది ఇంకో తలనొప్పి. అ జట్టు ఆను ఓడించింది, ఆ ఇను ఓడించింది, ఇ వచ్చి అను ఓడించింది. ముగ్గురికీ సమానంగా గెలుపులు. ఒకరిమీద ఒకరు గెలిచిన లెక్క చూద్దామంటే అది గుండ్రంగా తిరుగుతోంది. చివరికి పరుగుల తేడా దగ్గరికి వెళ్లాలి.

దీని దెబ్బ ఎలా ఉంటుందో హైదరాబాదుకు తెలుసు. 2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల డబుల్స్‌లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ తమ గ్రూపులో రెండు గెలిచింది. జపాన్, చైనీస్ తైపీ జోడీలవీ రెండేసి గెలుపులే. ఒక్క పాయింటు తేడాతో మనవాళ్లు ఆగిపోయారు.

సాఫ్ట్‌బాల్‌లో పరుగుల తేడాను నమ్మడం ఇంకా కష్టం. ఏకపక్షం కాకుండా ఉండాలని చాలా సీనియర్ పోటీల్లో ఇన్నింగ్సుకు ఐదు పరుగుల హద్దు పెడతారు, చివరి ఇన్నింగ్సుకు మాత్రం హద్దు ఉండదు. పైగా రెండోసారి బ్యాటింగ్ చేసే జట్టు అప్పటికే ఆధిక్యంలో ఉంటే చివరి ఇన్నింగ్సు ఆడాల్సిన పనే లేదు. అంటే గెలిచిన జట్టుకు, అందునా హద్దులేని ఇన్నింగ్సులో, పరుగులు కూడబెట్టుకునే అవకాశమే రాదు. నాణెం ఎగరేసి మొదట బ్యాటింగ్ పొందిన జట్టుకు ఆ అవకాశం ఉంటుంది. ఒక ఆటకు లెక్కలోకి తీసుకునే తేడాకు పైహద్దు పెట్టడం దీనికి కొంత విరుగుడు. హద్దుంటే అలసిన జట్టును ఇంకా బాదాలన్న ఆశ కూడా తగ్గుతుంది. అవతలివాళ్లవీ అరవై దాటిన మోకాళ్లే కదా.

అదే లండన్ పోటీలో ఇంకో జబ్బు కూడా బయటపడింది. లీగ్ తర్వాత నాకౌట్‌లో ఎవరికి ఎవరు ఎదురుపడతారో ముందే తెలిసిపోయింది. దాంతో గ్రూపులో ఓడిపోతేనే మేలనుకున్న నాలుగు జోడీలు కావాలని షటిల్‌ను నెట్‌కు కొట్టాయి. చైనా జోడీ ఒకటి, ఇండోనేషియా జోడీ ఒకటి, దక్షిణ కొరియా జోడీలు రెండు, మొత్తం ఎనిమిది మందిని పోటీ నుంచి తీసేశారు. తర్వాత గ్రూపుల్లో రెండో స్థానం వచ్చినవాళ్లకు మళ్లీ డ్రా తీయాలని నియమం మార్చారు. సీనియర్ సాఫ్ట్‌బాల్‌లో శుక్రవారపు ఆటలు ఆ తర్వాత ఎవరికి ఎవరు ఎదురో తేల్చడానికే కనుక ఇదే ప్రలోభం అక్కడా పొంచి ఉంటుంది. గెలిస్తే మంచి స్థానం, మంచి స్థానానికి మొదటి రౌండు ఆడక్కర్లేని బై, బైతో పాటు విశ్రాంతి అని ఉంటే ఓడాలని ఎవరికీ అనిపించదు.

బలం తక్కువ జట్టుకు ఊతం

జట్ల బలం ఒక్కలా లేకపోవడం మామూలే. అందుకే ఒక్కో వయోవర్గంలోనూ మేజర్ ప్లస్, మేజర్, ట్రిపుల్ ఏ, డబుల్ ఏ అని మెట్లు చేశారు. జట్లు చాలక వేర్వేరు మెట్లవాళ్లను కలిపి ఆడించాల్సి వస్తే, కింది మెట్టు జట్టుకు ఆట మొదలవకముందే ఐదు పరుగులు ఇవ్వడమో, అదనంగా ఒక ఫీల్డరును అనుమతించడమో చేస్తారు. మంచి ఏర్పాటే. కాకపోతే ఉచితంగా వచ్చిన ఆ పరుగుల్ని మూడు జట్ల సమాన లెక్కలో కలపాలా వద్దా అన్నది పోటీకి ముందే రాసిపెట్టుకోవాలి.

మరి ఏ పద్ధతి?

జట్లు పదహారు దాటితే చదరంగం నుంచి స్విస్ పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు. 1895లో జ్యూరిక్ పోటీలో మొదలైంది కనుక ఆ పేరు. ప్రతి రౌండులోనూ అప్పటిదాకా సమానంగా గెలిచినవాళ్లు ఒకరితో ఒకరు తలపడతారు, ఎవరినీ బయటికి పంపరు. పదహారు జట్లకు నాలుగు రౌండ్లలో ఒక్కసారీ ఓడని జట్టు ఒక్కటే మిగులుతుంది. అందరికీ నాలుగేసి ఆటలు, అందరి కాళ్లమీదా ఒకే భారం. చిక్కల్లా ఒక రౌండు మొత్తం ముగిస్తే గానీ తర్వాతి రౌండు వేయలేం. ఒక మైదానంలో వాన పడితే అందరూ ఆగాలి.

ఎనిమిది జట్ల దగ్గరికి వస్తే, నా ఓటు మన ఐపీఎల్ అభిమానులకు బాగా తెలిసిన దానికే. లీగ్ అయ్యాక పై నాలుగు జట్లు మిగులుతాయి. ఒకటీ రెండూ ఆడితే గెలిచినవాళ్లు నేరుగా ఫైనల్‌కు, ఓడినవాళ్లకు ఇంకో అవకాశం. మూడూ నాలుగూ ఆడితే ఓడినవాళ్లు ఇంటికి. మిగిలిన ఇద్దరి మధ్య ఫైనల్‌కు ముందు ఆట. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మూడో స్థానం నుంచి ఎలిమినేటర్, క్వాలిఫయర్ గెలిచి కప్పు ఎత్తింది ఈ దారినే. ఐపీఎల్ దీన్ని 2011లో తీసుకుంది. ఇది ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో పెర్సీ పేజ్ 1931లో పెట్టిన పద్ధతి, అంతర్జాతీయ సాఫ్ట్‌బాల్‌లో చాలాకాలం నడిచిన పద్ధతి కూడా. డబుల్ ఎలిమినేషన్‌లో రెండో అవకాశం ఓడిన ప్రతివారికీ వస్తుంది. ఇక్కడ లీగ్‌లో కష్టపడి సంపాదించుకున్న ఇద్దరికే వస్తుంది.

ఎనిమిది జట్లను నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు చేద్దాం. గ్రూపు ఆటలు పన్నెండు, గ్రూపుకు రెండు చొప్పున పై నాలుగింటికి నాలుగు ఆటలు, కింది నాలుగింటికి స్థానాల కోసం నాలుగు. మొత్తం ఇరవై. శుక్రవారపు రెండేసి ఆటలతో కలిపిన డబుల్ ఎలిమినేషన్‌కు ఇరవై రెండో ఇరవై మూడో కావాలి. రెండు పద్ధతుల్లోనూ ప్రతి జట్టుకూ కనీసం నాలుగు ఆటల హామీ ఉంది. ఎక్కువలో ఎక్కువ మాత్రం అక్కడ తొమ్మిది, ఇక్కడ ఆరు.

దీనికి మూల్యం ఏమిటి? పదికి ఏడు గెలిచే ఆ బలమైన జట్టును, మిగిలిన జట్లన్నీ సమానమనుకుని, ఈ పద్ధతిలో పెట్టి లెక్కేశాను. వందకు దాదాపు 41 సార్లు కప్పు దానిదే. డబుల్ ఎలిమినేషన్‌లో 43 అని చూశాం. ఆ 43 కూడా తొమ్మిదో ఆటలో కాళ్లు మొదటి ఆటలోలాగే పరుగెత్తుతాయన్న ఊహ మీద నిలబడ్డది. ఆ ఊహ తీసేస్తే రెండింటి మధ్య తేడా ఏమీ మిగలదని నా అంచనా.

ఇక ఆ ఆదివారాన్ని మళ్లీ రాసుకుందాం. శుక్రవారం జట్టుకు రెండు గ్రూపు ఆటలు, మధ్యలో ఒక ఆటంత ఖాళీ. శనివారం పొద్దున మూడో గ్రూపు ఆట, రెండు ఆటలంత ఖాళీ తర్వాత ఒకటీ రెండూ, మూడూ నాలుగూ. ఆదివారం ఎనిమిదికి ఫైనల్‌కు ముందు ఆట, అది తొమ్మిదింబావుకు ముగుస్తుంది. అందులో గెలిచినవాళ్లు చెట్టుకింద కూర్చుని మంచినీళ్లు తాగి, పిక్కలు సాగదీసుకోవడానికి గంటా ముప్పావు ఉంటుంది. పదకొండుకు ఫైనల్. ఒకరికి ఆ రోజు రెండో ఆట, ఇంకొకరికి మొదటిది. ఆ ఒక్క ఆట తేడా శనివారం మైదానంలో గెలుచుకున్నదే. పన్నెండున్నరకు మైదానం ఖాళీ అవుతుంది. ఒహాయో జట్టు ఆ సాయంత్రమే విమానం ఎక్కవచ్చు.